లైన్‌క్లియర్ గోళం



నేను ఖరగ్‌పూర్ మనిషిని. అందులోనూ న్యూ సెటిల్‌మెంట్ మనిషిని. బెంగాల్ గడ్డ మీదే ఉన్నా, పొద్దున్నే కొళాయి దగ్గర తెలుగు వినపడే రైల్వే కాలనీ మాది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మా పెద్దవాళ్ళ నోట్లో బి.ఎన్.ఆర్., ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెలనుంచి జనం రైలు పట్టాల వెంబడే పనికి వచ్చారు. అలా వచ్చినవాళ్ళలో మా తాత ఒకరు. ఆయన తెచ్చుకున్న రేకుపెట్టెలో రెండు జతల బట్టలు, ఒక తెలుగు బైబిలు ఉండేవని మా నాయనమ్మ చెప్పేది. మా నాన్న లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరై రిటైరయ్యారు. నేను వర్క్‌షాపులో చేసి బయటికొచ్చాను.

ఈ రోజు నన్ను మాట్లాడమన్నది క్రీస్తు అధికారం గురించి, ఆ అధికారం కింద సంఘం చేయవలసిన పని గురించి. నేను సంఘకాపరిని కాను. వేదాంత కళాశాల గడప తొక్కలేదు. కానీ అధికారం అన్న మాటకు అర్థం నాకు చిన్నప్పుడే మా నాన్న నేర్పారు. ఒక ఉక్కు గోళం అడ్డం పెట్టుకుని నేర్పారు. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నాన్న గూడ్సు బండ్ల మీద పనిచేసే రోజుల్లో మిద్నాపూర్ దాటి ఆద్రా వైపు వెళ్ళే దారిలో ఒంటి లైను ఉండేది. వెళ్ళే బండీ వచ్చే బండీ అదే పట్టా మీద నడవాలి. రెండూ ఎదురుపడితే ఇంకేముంది? అందుకని ప్రతి రెండు స్టేషన్ల మధ్యా ఒక జత మిషన్లు ఉండేవి. ఇవతలి స్టేషను మాస్టరు గంట కొట్టి లైన్‌క్లియర్, అంటే లైను ఖాళీయేనన్న మాట, అడగాలి. అవతలి మాస్టరు ఒప్పుకుని తన వైపునుంచి మీట నొక్కాలి. అప్పుడు ఇవతలి మిషనులోంచి పిడికిట్లో పట్టేంత ఉక్కు గోళం ఒకటి దొర్లి బయటికొస్తుంది. అది బయట ఉన్నంతసేపూ ఆ సెక్షనులో ఇంకో గోళం రాదు. తిరిగి మిషనులో పడాల్సిందే.

ఆ గోళాన్ని తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు రింగుకు కట్టేవారు. బండి ఆగకుండా పోయేదైతే పాయింట్స్‌మన్ ఆ రింగు పైకెత్తి పట్టుకుని లైను పక్కన నిలబడేవాడు. రాత్రయితే పక్కన కాగడా. ఫైర్‌మన్ ఇంజను మెట్టు మీదనుంచి ఒళ్ళు బయటికి వంచి, మోచెయ్యి రింగులో దూర్చి, ఒక్క ఊపున లాక్కునేవాడు. అదే క్షణంలో వెనక సెక్షను రింగు కిందికి విసిరేవాడు. మా నాన్న మోచేతి మీద ఆ బెత్తం తగిలి తగిలి చర్మం నల్లగా గట్టిపడిపోయింది. నా చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి రాస్తుండేవాణ్ణి. రింగు అందగానే డ్రైవరు గోళం తీసి, దాని మీద చెక్కిన స్టేషను పేర్లు చూసుకోవాలి. మన సెక్షనుదే అని తేలాలి. రైల్వే రూలు పుస్తకంలో ఆ గోళానికున్న మాట ఏమిటో తెలుసా? అథారిటీ. ముందుకు వెళ్ళడానికి అధికారం.

నాన్న అనేవారు: "ఇంజనుకి బలం ఉంది బాబూ. నలభై పెట్టెలు లాగుతాది. కానీ ఆ గోళం చేతికి రాకపోతే ఒక్క అడుగు కదలకూడదు. వచ్చినా అది మనది కాదు. పై స్టేషన్లో ఇచ్చేయాల." బలం వేరు, అధికారం వేరు అని నాకు అప్పుడే తెలిసింది. చాలా ఏళ్ళ తర్వాత సువార్తలు శ్రద్ధగా చదువుతుంటే, అక్కడ కూడా ఈ రెంటికీ వేరువేరు మాటలున్నాయని గమనించి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. శక్తి అని ఒక మాట, అధికారం అని ఇంకో మాట. యేసు శిష్యుల్ని పంపినప్పుడు రెండూ ఇచ్చాడని లూకా రాశాడు.

మత్తయి సువార్త ఎనిమిదో అధ్యాయంలో కపెర్నహూము శతాధిపతి కథ ఉంది. మా నాన్నకి అది ప్రాణం. రోము సైన్యంలో వందమంది మీద పెద్ద అతను. ఇంట్లో దాసుడు జబ్బుపడ్డాడు. యేసు, నేనే వస్తాను పద అంటాడు. అతను వద్దంటాడు. ప్రభువా, మీరు నా ఇంటికి రానక్కర్లేదు, మాట సెలవిస్తే చాలు, ఎందుకంటే నేను కూడా అధికారం కింద ఉన్న మనిషినే, నా కింద సైనికులున్నారు, పొమ్మంటే పోతారు, రమ్మంటే వస్తారు అని అతని విన్నపం. నాన్న అక్కడ ఆగేవారు. "చూసేవా, నా కింద ఇంతమంది ఉన్నారని ముందు చెప్పలేదు. నేను ఒకరి కింద ఉన్నానని ముందు చెప్పేడు." రూలు పుస్తకం కింద ముప్ఫై ఏళ్ళు బండి నడిపిన మనిషికి ఆ వరస వెంటనే తట్టింది. ఆ సైనికుడు యేసులో గుర్తుపట్టింది కూడా అదే. తండ్రి కింద ఉన్నవాడు కాబట్టే ఈయన మాట చెల్లుతుందని అతనికి అర్థమైంది. ఇంతటి విశ్వాసం ఇశ్రాయేలులోనే చూడలేదని యేసు ఆశ్చర్యపోయాడు.

అదే సువార్తలో రెండు కొండలున్నాయి. నాలుగో అధ్యాయంలో సాతాను ఆయన్ని ఎత్తైన కొండ మీదికి తీసుకెళ్ళి లోకరాజ్యాలన్నీ చూపించి, నాకు మొక్కు, ఇవన్నీ ఇచ్చేస్తాను అంటాడు. ఆయన కాదన్నాడు. చిట్టచివర, ఇరవై ఎనిమిదో అధ్యాయంలో, గలిలయలో ఇంకో కొండ. అక్కడ శిష్యులతో, పరలోకంలోనూ భూమి మీదా సర్వాధికారం తనకు ఇవ్వబడిందని చెబుతాడు. ఇవ్వబడింది అన్నాడు, గమనించండి. మొదటి కొండ మీద చేజిక్కించుకోగలిగినదాన్ని వదిలేసి, రెండో కొండ మీద తండ్రి చేతినుంచి అందుకున్నాడు. ఈ రెండు కొండల మధ్యా కల్వరి ఉంది. మేము క్రైస్తవులం క్రీస్తు రాజు అన్నప్పుడు మా మనసులో ఉండాల్సింది ఈ దారి మొత్తం. 1925లో పోప్ పదకొండవ పయస్ క్రీస్తురాజు పండుగను ఏర్పాటు చేసేనాటికి యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం చాలా సింహాసనాల్ని కూల్చేసింది. కూలిన ఆ సింహాసనాల్లో ఒకదాని మీద యేసుని కూర్చోబెట్టడం ఆ పండుగ ఉద్దేశం కాదు. ఆయనది ఆ జాతి రాజరికం కానే కాదు.

ఎలాంటిదో యోహాను చూపించాడు. పదమూడో అధ్యాయం. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని యేసుకు తెలుసు అని మొదలుపెడతాడు. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు పుస్తకం మూసుకుని కూర్చున్నాను. సమస్తం చేతికొచ్చింది కదా, ఇప్పుడా చేతులు ఏం చేస్తాయి? లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువ్వాలు నడుముకు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, చేపలు పట్టేవాళ్ళ కాళ్ళు కడిగాయి. ఆ రాత్రే తనను అప్పగించబోయే యూదా కాళ్ళు కూడా వాటిలో ఉన్నాయి. సర్వాధికారం చేసిన పని అది.

ఇక సంఘం సంగతి. పేతురుకు పరలోకరాజ్యపు తాళపుచెవులు ఇస్తానన్నాడు ప్రభువు. ఆ తాళాలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయన్న మాట మీద క్రైస్తవులు ఎన్ని వందల ఏళ్ళు వాదించుకున్నారో మీకు తెలుసు. పేతురు వారసుడైన పోప్ దగ్గర అని కథోలికులు. సువార్త ప్రకటనలోనే ఉన్నాయని లూథరు దారిలో వచ్చినవాళ్ళు. కూడివచ్చిన విశ్వాసులందరి చేతిలో అని బాప్టిస్టులు. మా రైల్వే పట్టణంలో వీళ్ళంతా ఇరుగుపొరుగు. సైకిలు మీద పావుగంట తిరిగితే అందరి గుడులూ కనిపిస్తాయి. నేను బాప్టిస్టు ఇంట్లో పెరిగాను, నా మొగ్గు అటే. కానీ ఎవరి లెక్కలోనైనా తాళం ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకున్నవాడు ఒకడు. పుచ్చుకున్నవాడు అది తన సొంతం అనుకున్న రోజున అన్ని సంఘాల్లోనూ ఒకే రకం కీడు జరిగింది. ఎదురుబండి వస్తున్న లైనులోకి గోళం లేకుండా ఇంజను తోలినట్టు.

రింగు చేతులు మారడం అన్నాను కదా, ఒక సంగతి చెప్పాలి. తెలుగులో సువార్త అచ్చయింది ఎక్కడో మా కాలనీలో చాలామంది పిల్లలకి తెలీదు. బెంగాల్‌లోనే, శ్రీరాంపూర్‌లో. మా ఊరినుంచి హౌరాకి సుమారు 115 కిలోమీటర్లు, హౌరా దాటి ఇంకాస్త. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తలు అనువదించే పనిలో పడ్డారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వాళ్ళకు సాయపడ్డాడు. క్రాన్ 1809లో పోయాడు, డెస్‌గ్రాంజెస్ 1810లో పోయాడు. అచ్చు కాగితం ఇద్దరూ కళ్ళజూడలేదు. ఆ రాతప్రతి శ్రీరాంపూర్ చేరి, మూడు సువార్తలు 1812లో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చి 11న శ్రీరాంపూర్ అచ్చుకూటం మంటల్లో చిక్కి అక్షరాల అచ్చులు కరిగి ముద్దయ్యాయి. అక్కడి మిషనరీ విలియం కేరీ బృందం మళ్ళీ పోతపోసుకుని పని కొనసాగించింది. ఒకరు విసిరిన రింగు ఇంకొకరు పట్టుకున్నారు. వందేళ్ళు తిరక్కుండానే తెలుగువాళ్ళు, అదే సువార్తను రేకుపెట్టెల్లో పెట్టుకుని, బెంగాల్‌కు రైలెక్కి వచ్చారు.

పురుషోత్తమ చౌదరి గారిది దీనికి ఎదురు ప్రయాణం. 1803లో పుట్టి 1890 దాకా జీవించిన ఆయన, గంజాం ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలోని వారు. క్రీస్తును నమ్మి, తెలుగులో కీర్తనలు రాశారు. ఆ కీర్తనలు లేని తెలుగు ఆరాధన లేదు. బెంగాలీ వంశంనుంచి వచ్చిన ఆయన పాటలు పాడుకుంటూ, మా తెలుగు తాతలు బెంగాల్‌లో ఆదివారాలు గడిపారు. ఆదివారం తప్పితే వాళ్ళ వారం అంతా ఎవరో ఒకరు కేకలేస్తే నడిచేదే కదా. మస్టర్‌రోలులో పేరు, టోకెన్ నంబరు, ఫోర్‌మన్ అరుపు. వాళ్ళలో చాలామంది ఊళ్ళో బావి దగ్గరికి రానివ్వని కులాలవాళ్ళు. అలాంటి మనిషికి ఆదివారం ఒకటే రొట్టె, ఒకటే గిన్నె దగ్గర చోటు దొరికింది. ప్రభువు ఎదుట నేనూ ఫోర్‌మనూ ఒకటే అని మా తాత గట్టిగా అనేవారట. క్రీస్తు అధికారం అంటే వాళ్ళకి మీద పడ్డ మరో దొర కాదు. దొరల మీద కూడా ఒక దొర ఉన్నాడన్న ధైర్యం.

ఇంకొక పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళుడు. తెలుగు నేల మీద దోర్నకల్‌ను కేంద్రం చేసుకుని పనిచేశారు. అది కూడా జంక్షనే, అందుకే మాకు ఆ ఊరంటే మరీ ఇష్టం. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. తెల్లవాళ్ళ పాలనలో, ఒక నల్లచేతి కింద తెల్ల గురువులు కూడా పనిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద పీఠం ఎక్కి ఆయన ఏం చేశారంటే, కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తడి తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని ప్రమాణం చేయించేవారట. పీఠానికి అందిన రింగు మాలపల్లెలో, మాదిగపల్లెలో కూలికి వెళ్ళే స్త్రీ చేతిలోకి వెళ్ళిపోయింది. సంఘం పని ఇదే అని నాకు తోస్తుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. అది ప్రభువుది. ఆదివారం స్త్రీలంతా ఆ బియ్యం తెచ్చి బల్ల ముందు గోనెసంచిలో పోసేవారు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షల మంది పని మానేశారు. మే 27 దాకా సాగింది. నాన్న కూడా దిగారు. మా వీధిలో పొయ్యిలు ఒక్కొక్కటే చల్లారిపోవడం నాకు గుర్తు. అప్పుడు మా సంఘకాపరి అయ్యగారు ఆ బియ్యం తూచి ఇంటింటికీ పంపమన్నారు. పెద్దల్లో ఒకరు అడ్డు చెప్పారు. సంఘం బియ్యం సంఘస్థులకే, పక్కవాళ్ళకి ఎలా ఇస్తాం, మన సంఘమే సరిగ్గా గట్టెక్కలేదు అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, లెక్కలు చూసే మనిషి. అయ్యగారు నెమ్మదిగా, "బల్ల మీద పెట్టేక అది మన బియ్యమా, పెద్దయ్యా?" అన్నారు. అంతే. మా పక్కింటి ఒడియా వాళ్ళకీ, ఎదురింటి బిహారు వాళ్ళకీ, వెనక లైనులో ముస్లిం ఫిట్టరు ఇంటికీ బియ్యం వెళ్ళాయి. మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పదేళ్ళవాణ్ణి. చేతిలో ఎత్తు గిన్నె, నోట్లో ఏ బోధా లేదు.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, సర్వాధికారం క్రీస్తుది అని మేము ఒప్పుకుంటే, పొరుగువాడి మీద పెత్తనం మాకొచ్చినట్టు కొందరు మాట్లాడతారు. నా మనసు దానికి ఒప్పుకోదు. 1934 మే నెలాఖరున జర్మనీలో బార్మెన్ అనే ఊళ్ళో కొందరు క్రైస్తవులు కూడి ఒక ప్రకటన చేశారు. దాని రాతలో ప్రధానమైన చెయ్యి వేదాంత పండితుడు కార్ల్ బార్త్‌ది. హిట్లరు ప్రభుత్వం సంఘాన్ని తన చెప్పుచేతల్లోకి లాక్కుంటున్న రోజులవి. సంఘం వినాల్సిన మాట క్రీస్తు ఒక్కడిదేనని వాళ్ళు చెప్పారు. అక్కడితో ఆగితే అది ప్రభుత్వం మీద ధిక్కారం మాత్రమే అయ్యేది. ఆ నోటితోనే, సంఘంలో ఉన్న పదవులు ఒకరి మీద ఒకరు ఏలడానికి పుట్టలేదు, అందరికీ అప్పగించిన సేవ కోసమే అని కూడా చెప్పారు. బయటి నియంతను కాదన్న నోరు లోపలి నియంతను కూడా కాదనాలి. ఇది నేను మనసారా నమ్ముతాను.

ఎందుకంటే లోపలి నియంతల్ని నేను చూశాను. సంఘం పేరు చెప్పను, పోయినవాళ్ళూ ఉన్నారు అందులో. నేను చాలాకాలం వెళ్ళిన ఒక సంఘంలో పెద్దల ఎన్నిక వచ్చింది. రెండు జట్లయ్యారు. కానుకల లెక్క, గుడి పక్క స్థలం, ఎవరి మనిషి కార్యదర్శి అనే మాట. చివరికి గుడి తాళం ఎవరి దగ్గరుండాలన్న దగ్గరికొచ్చింది. ఒక శనివారం రాత్రి ఒక జట్టువాళ్ళు పాత తాళం తీసేసి కొత్తది వేశారు. తెల్లవారితే రెండో జట్టు దాని మీద ఇంకో తాళం వేసింది. తలుపుకి రెండు తాళాలు. మేము తెల్ల బట్టలు వేసుకుని బైబిళ్ళతో వీధిలో నిలబడ్డాం. ఆ వీధిలో క్రైస్తవులు కానివాళ్ళే ఎక్కువ. వాళ్ళు అరుగుల మీదనుంచి చూస్తున్నారు. అంత సిగ్గు నేను జీవితంలో పడలేదు. పరలోకపు తాళాలు ఇచ్చానని ఆయన అంటే, మేము చేసింది ఇదా అని గుండె పిండేసింది.

అప్పుడు మామ్మ ముందుకొచ్చింది. మేమంతా ఆమెను మామ్మ అనే పిలిచేవాళ్ళం. రైల్వే శానిటరీ డిపార్టుమెంటులో ముప్ఫై ఏళ్ళు ఊడ్చి రిటైరైన మనిషి. అక్షరం రాదు. ఆదివారం అందరికన్నా ముందొచ్చి గుడి ఊడ్చేది, జీతం లేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆమె మూసిన తలుపు ముందు మెట్టు మీద కొంగు పరుచుకుని మోకరించింది. ఏమీ కోపం లేని గొంతుతో, పెద్దవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ ఎత్తి, రెండు జట్లవాళ్ళవీ ఎత్తి, వాళ్ళ కోసం ప్రార్థన చేసింది. ఫలానా బాబుకి మోకాళ్ళ నొప్పి తగ్గించు, ఫలానా అయ్య కూతురికి సంబంధం కుదుర్చు అంటూ. తాళం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. మేమూ కూర్చున్నాం. వేపచెట్టు కింద, చెప్పుల మధ్యన. ఆ రోజు బల్ల లేదు, గిన్నె లేదు, కానుక పట్టలేదు. ఆమె ప్రార్థిస్తుంటే పెద్దల్లో ఒకాయన రోడ్డుకి అవతల నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఇవతలికి రాలేదు కానీ వెళ్ళిపోనూ లేదు. ఆ గంటసేపూ సంఘాన్ని నడిపిన అధికారం ఎవరి దగ్గర ఉందో అక్కడున్న ఎవర్నడిగినా చెబుతారు.

తర్వాతి ఆదివారం కూడా తలుపు తెరుచుకోలేదు. ఆ పై ఆదివారం తెరుచుకుంది. ఎవరు ముందు దిగివచ్చారో నాకు సరిగ్గా తెలీదు, ఒకళ్ళ తప్పులు ఒకళ్ళు ఎత్తిచూపుకోవడం మానేశారు, అంతే తెలుసు. కొత్త పెద్దల కమిటీ మొదటి కూటంలోనే తాళం మామ్మ దగ్గర ఉండాలని తీర్మానం రాసుకుంది. ఆమె వద్దంది. నేను పోగొట్టుకుంటానేమో బాబూ అంది. చివరికి నల్లదారం కట్టి మెళ్ళో వేసుకుంది, రవికె లోపల.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. తాళం ఇప్పుడు ఆమె మనవరాలి దగ్గర ఉంది, నల్లదారం మార్చారు. ఆదివారం వర్క్‌షాపు సైరన్ ఉండదు కాబట్టి మా కాలనీ కాస్త ఆలస్యంగా లేస్తుంది. ఆ పిల్ల మాత్రం ఐదున్నరకే వచ్చి తలుపు తీసి, ముందు ఆ మెట్టు కడుగుతుంది.